మిలిటరీ ఆయన భార్య డైరీని నవ్వించే నవలగా రాస్తే ఎవరైనా చదువుతారా?

సైనికుడి భార్య జీవితం మీద డైరీలాగా నవల రాస్తే, అందులో నవ్వొచ్చేదేముంటుంది అని కూడా అడిగినారు. చాలా ఉంటుంది.

మాది చిత్తూరు పక్కన పల్లె, మా ఆయన హవల్దార్‌గా రిటైరైనాడు, ఇప్పుడు తిరుపతిలో ఉండాము. నన్నడిగితే అది డైరీగానే రాయాలబ్బా, మేము బతికేదే తేదీల్లో. ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్, ఆయన ఫీల్డ్‌లో, అంటే ఇంటోళ్ళని తీసుకుపోలేని చోట ఉంటే, మిగతా రోజులన్నీ టీటీడీ క్యాలెండర్లో కొట్టేసుకుంటా ఉండటమే. 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రస్‌కి జాబు రాసి, జవాబు ఎప్పుడొస్తుందా అని మళ్ళీ లెక్క.

2003లో పఠాన్‌కోట్‌లో క్వార్టర్ దొరికింది. వారానికొకటే హిమసాగర్ రైలు, తిరుపతిలో ఎక్కి పఠాన్‌కోట్ దగ్గర చక్కిబ్యాంక్ స్టేషన్లో దిగినాము, ఒక ట్రంకుపెట్టె నిండా రాగిపిండి, చెనిక్కాయలు. జనవరి చలికి పెరుగు తోడుకోదే! పెరుగు లేకుండా మా ఇంట్లో ముద్ద దిగదు. ఒక రాత్రి గిన్నెకి మూత పెట్టి, మా ఆయన కోట్ పార్కాలో (చలికోటు) బాగా చుట్టి మూలన పెట్టినా. తెల్లారి ఫాల్‌ఇన్‌కి, అంటే అందరూ లైన్లో నిలబడేదానికి, లేటయిందని ఆయన చీకట్లో కోటు లాగి తగిలించుకున్నాడు, సగం తోడుకున్న పెరుగంతా భుజం మీద నుంచి బూట్ల దాకా. తుడుచుకుని అట్లే పోయినాడు. లైన్లో పంజాబీ సుబేదార్ సాబ్ వాసన చూసి "లస్సీ కహా హై భాయ్?" అన్నాడంట, ప్లటూన్ అంతా నవ్వుడే. సాయంత్రానికి సుబేదార్ సాబ్ భార్య మా ఇంటికొచ్చి, గిన్నెని గోధుమపిండి డబ్బాలో పూడ్చిపెట్టు బేటీ అని చూపించింది. మర్నాడు పెరుగు గడ్డలాగా తోడుకుంది. ఆమెకి సంగటి, ఊరుబిండి పచ్చడి చేసి పెట్టినా, ఊరుబిండి మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగింది.

సినిమాల్లో మమ్మల్నెప్పుడూ రైల్వే స్టేషన్లో కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళగానే చూపిస్తారు, నాకు భలే కోపం. ఇంకొకటి, లీవుకి వస్తానే చుట్టాలు "క్యాంటీన్ బాటిల్ తెచ్చినావా" అని మిలిటరీ మందు అడిగేది. మనిషి ఆర్నెల్ల తర్వాత వచ్చినాడు, తిన్నావా అని అడగరు. ఇదీ ఆ నవల్లో రావాల. రాసేవాళ్ళు ఆఫీసరు ఇంటి నుంచి కాకుండా జవాను ఇంటి నుంచి రాయండి, మా ట్రంకుపెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు, ర్యాంకు, పేరు, ప్రతి పోస్టింగ్‌కీ కొట్టేసి మళ్ళీ రాసిన యూనిట్ అడ్రసు, అక్కడే సగం కథ ఉంది.

టీటీడీ డైరీలు నాలుగుండాయి నా దగ్గర. పఠాన్‌కోట్ ఏడాది డైరీలో ఆ పేజీకి పెరుగు మరక ఇంకా ఉంది. నిజంగా రాసేవాళ్ళుంటే చెప్పండి, ఇస్తాను.