మామిడాకు మీద అయోడిన్ వేసినా నీలం రంగు రావట్లేదా?

అన్నా, చిత్తూరులో మీ పెరటి తోతాపురి చెట్టు ఆకు పొద్దున్నే కోసి, నేరుగా అయోడిన్ చుక్కలు వేస్తే రంగు మారలేదని, ఎల్లుండే పాప ప్రాజెక్ట్ అని రాశారు. టెన్షన్ పడకండి, పాప తప్పేం లేదు.

మామిడాకు దళసరి, పైన మైనం పొర ఉంటుంది. పిండిపదార్థం తగిలితేనే అయోడిన్ నీలమవుతుంది, కానీ ఈ ఆకులో అది లోపలికి దిగదు. దిగినా పత్రహరితం పచ్చదనం ఆ మార్పును కప్పేస్తుంది. పైగా పగలు ఎండలో ఆకు తయారుచేసి దాచుకున్న పిండిపదార్థం రాత్రికి చక్కెరగా మారి వేర్లకి, కొమ్మలకి వెళ్లిపోతుంది. తెల్లారేసరికి ఆకులో మిగిలేది తక్కువే.

రేపు మధ్యాహ్నం మూడింటికి, బాగా ఎండ తగిలిన మందారం ఆకు కోయండి. రెండు నిమిషాలు మరిగే నీళ్లలో వేయండి. తర్వాత స్టవ్ పూర్తిగా ఆపేసి, చిన్న స్టీలు గ్లాసులో స్పిరిట్ పోసి, ఆకు ముంచి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో పెట్టండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. ఈ పని మాత్రం మీరే చేయండి, పాపతో వద్దు. నీళ్లు చల్లారితే మార్చండి. కాసేపటికి స్పిరిట్ పచ్చగా మారి, ఆకు పాలిపోయి అప్పడంలా పెళుసెక్కుతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపి, తెల్ల ప్లేటులో పరిచి, అప్పుడు అయోడిన్ వేయండి. నీలం కలిసిన నలుపు తేలుతుంది.

ఆకు ఎండలో పిండిపదార్థం తయారుచేసేటప్పుడు (కిరణజన్య సంయోగక్రియలో) వదిలే ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుందని టీచర్ అడిగితే, నీళ్ల నుంచి అని చెప్పమనండి. చాలామంది కార్బన్ డయాక్సైడ్ నుంచి అంటారు. 1941లో శాస్త్రవేత్తలు రూబెన్, కామెన్ బృందం, మామూలు దానికంటే బరువైన రకం ఆక్సిజన్ ఉన్న నీళ్లను నాచుకిచ్చి ఈ సంగతి చూపించింది.