మెరీనాలో నలుగురు ముఖ్యమంత్రులు

ప్రశ్న: మెరీనా తీరంలో ఏయే ముఖ్యమంత్రుల సమాధులున్నాయి? మా మనవడు అడిగితే చెప్పలేకపోయాను.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: నలుగురివమ్మా. అన్నాదురై (1969), ఎం.జి.ఆర్. (1987), జయలలిత (2016), కరుణానిధి (2018). కరుణానిధికి అక్కడ చోటివ్వాలని మద్రాసు హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే ఖననం జరిగింది. ఆయన శవపేటిక మీద చెక్కిన తమిళ మాటలకు అర్థం: ‘విశ్రాంతి లేకుండా శ్రమించినవాడు ఇక్కడ విశ్రమిస్తున్నాడు.’ అవి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మనవణ్ణి ఎం.జి.ఆర్. సమాధి దగ్గరికి తప్పక తీసుకువెళ్ళండి. ఆయన చేతి గడియారం లోపల ఇంకా నడుస్తోందని నమ్మి, జనం రాతికి చెవి ఆనించి వింటారు. నేనూ విన్నాను. చెంపకు చల్లగా తగిలిన రాయి, వెనక సముద్రపు హోరు, నా వంతు కోసం జరిగి చోటిచ్చిన ముసలమ్మ ఇంకా గుర్తున్నాయి.

రాజాజీ, కామరాజ్ స్మారకాలు గిండీలో ఉన్నాయి.