ఆ లాకెట్ ఎప్పుడు తెరుచుకుంటుంది అక్కా?

ప్రశ్న: అక్కా, రూమ్మేట్ పోరు పడలేక నిసెకోయ్ అనే యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్) మొదలెట్టా. మొదట్లో పడీ పడీ నవ్వాను గానీ ఇప్పుడు కథ అక్కడే తిరుగుతోంది, ఒక లాకెట్, దానికో తాళంచెవి, ఇంకో అమ్మాయి వస్తే ఇంకో తాళంచెవి... రెండో సీజన్ చూడాలా, ఇక్కడితో ఆపేయాలా? దొంగ డేటింగ్ కథలన్నీ ఇంతేనా?
- ఎస్., కాకినాడ

జవాబు: చెల్లీ, నీ కోపం న్యాయమే, నేనూ అక్కడే విసుక్కున్నా. అసలు నిసె అంటే నకిలీ, కోయ్ అంటే ప్రేమ, పేరే అది. యకూజా, అంటే జపాన్ మాఫియా ఇంటి వారసుడు రాకు, అమెరికా గ్యాంగ్ బాస్ కూతురు చిటోగె, ఇద్దరికీ క్షణం పడదు, అయినా మూడేళ్లు లవర్స్‌లా నటించాలి, లేకపోతే రెండు ముఠాలూ కొట్టుకు చస్తాయి. నాకు నచ్చింది అదే, ఇక్కడ అబద్ధానికో ఖరీదుంది. మన సీరియళ్లలో అగ్రిమెంట్ పెళ్లి చూడు, ఆ కాగితం బయటపడుతుందేమో అన్న భయం ఉన్నన్నాళ్లే టీవీ ముందు కూర్చుంటాం కదా. ఇక్కడా అంతే, మొదటి డేట్‌లో రెండు గ్యాంగులూ పొదల్లోంచి తొంగి చూస్తుంటే ఈ ఇద్దరూ పళ్లు నూరుకుంటూ డార్లింగ్, హనీ అనుకోడం, అదీ కామెడీ అంటే!

తర్వాత ఆ భయం పోయింది. ముఠాల గొడవ పక్కకెళ్లి, పదేళ్ల కిందట రాకుకి మాటిచ్చిన పిల్ల ఎవరు, అతని మెడలో లాకెట్ ఎవరి తాళంచెవికి తెరుచుకుంటుందన్న గోల ముందుకొచ్చింది, ఇంక ఎంత సాగదీసినా అడిగేవాడు లేడు. ఈ యానిమేకి మూలమైన మాంగా (జపాన్ కామిక్) 2011 నుంచి 2016 దాకా వారం వారం వచ్చింది మరి, 25 వాల్యూములు, అన్ని వారాలు నడపాలంటే కొత్త అమ్మాయిల్ని దింపక ఏం చేస్తారు పాపం (అలా దిగిన మరికా అంటే నాకిష్టమే, అది వేరే సంగతి).

కానీ మొదటి సీజన్ మాత్రం పూర్తి చెయ్, 20 ఎపిసోడ్లే. చివర్లో స్కూల్లో రోమియో జూలియట్ నాటకం వేస్తారు. రాకు మొదట్నుంచీ మనసుపడ్డ క్లాస్‌మేట్ ఒనొడెరా కాలు బెణికి చిటోగె జూలియట్ అవుతుంది, అప్పటికి రోమియో వేసే రాకుకీ చిటోగెకీ మాటల్లేవు. రోజూ అందరి ముందూ లవర్స్‌లా నటించేవాళ్లు స్టేజీ ఎక్కి మళ్లీ లవర్స్‌లా నటించాలి, పైగా కొట్టుకునే రెండు ఇళ్ల పిల్లల కథ! ఇంకోటి, చిటోగె క్లాసులో వాళ్ల వివరాలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని ఫ్రెండ్స్ కోసం తంటాలు పడుతుందే, గొరిల్లా అని తిట్టే రాకుకి ఆ పిల్ల మీద చూపు మారేది అక్కడ, ముద్దుసీన్లు వంద పెట్టినా నాకు ఆ నోట్‌బుక్కే గుర్తుంటుంది.

2015లో వచ్చిన రెండో సీజన్ 12 ఎపిసోడ్లు, చాలావరకు విడివిడి సరదా కథలే. బట్టలు మడతపెడుతూ చూడొచ్చు. ముగింపు కావాలంటే మాత్రం మాంగానే దిక్కు, యానిమే అక్కడిదాకా వెళ్లలేదు.

అన్ని కథలూ ఇంతేనా అంటే కాదమ్మా. స్పై ఫ్యామిలీ అనే ఇంకో యానిమే చూడు, అది దొంగ డేటింగ్ కాదు దొంగ కాపురం, అబద్ధం బయటపడితే కొంప మునుగుతుందన్న సంగతి మాత్రం అది మర్చిపోదు.

ప్రశ్న: మేడమ్, నేను ఒనొడెరా పార్టీ. అంత మంచి అమ్మాయికి అన్యాయం చేశారా లేదా? సూటిగా చెప్పండి.
- కె.వి.ఆర్., నిజామాబాద్

జవాబు: మాంగా చదవనివాళ్లు ఇక్కడ ఆపేయండి, ముగింపు చెప్పేస్తున్నా.

చిన్నప్పుడు మాటిచ్చిన పిల్ల ఒనొడెరానే. రాకు ఎంచుకుంది మాత్రం చిటోగెని. మీ బాధ నాకర్థమైంది గానీ బాబూ, ఒనొడెరా, రాకు ఒకరంటే ఒకరికి ఇష్టమని మొదటి నుంచీ మనకి తెలుసు, వాళ్లిద్దరికే తెలీదు, చెప్పబోయిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం. అటు చిటోగెతో రోజూ గొడవపడ్డాడు, కలిసి అబద్ధాలాడాడు, ఒకర్నొకరు కాపాడుకున్నారు. నా ఓటు చిటోగెకే. కాకపోతే అది చెప్పడానికి అన్ని వాల్యూములు ఒనొడెరాని ఆశలో ఉంచారే, దానికి మాత్రం మీతో కలిసి నేనూ తిడతా.