అమెరికన్ రొమాంటిసిజం: ఊరు దాటి అడవిలోకి

ప్రశ్న: డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకున్నాను. అమెరికన్ రొమాంటిసిజం లక్షణాలంటే మా గైడ్‌లో ప్రకృతి, ఊహాశక్తి, భావావేశం, వ్యక్తిస్వేచ్ఛ అని నాలుగు పాయింట్లు ఉన్నాయి. ఇంగ్లండ్ కవి వర్డ్స్‌వర్త్ పాఠానికీ ఇవే నాలుగు, మన భావకవిత్వానికీ దాదాపు ఇవే చెప్తారు. మరి అమెరికా వాళ్లది అంటూ విడిగా ఏముంది? పరీక్ష దగ్గరపడింది, ఏది రాసినా ఒకేలా వస్తోందని టెన్షన్‌గా ఉంది.
– ఓ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీకు వచ్చిన అనుమానం చాలా మంచిది, దాన్ని వదలకండి. ఆ నాలుగు మాటల్లో తప్పేమీ లేదు, అయితే పేర్లు మార్చి ఏ పెళ్లికైనా వాడుకునే శుభలేఖలా అవి ఏ దేశానికైనా సరిపోతాయి. మీరు ఒక్క పని చేయండి. సిలబస్‌లో ఉన్న ఏ రచనైనా తీసుకుని, ఇందులో మనిషి ఊరు దాటి ఎక్కడికి వెళ్లాడు, అక్కడ ఏం దొరికింది, తిరిగొస్తే ఏమైంది అని చూడండి.

వాషింగ్టన్ ఇర్వింగ్ 1819లో అచ్చు వేసిన రిప్ వాన్ వింకిల్ కథే చూద్దాం. భార్య సాధింపు పడలేక రిప్ తుపాకీ భుజాన వేసుకుని, కుక్కను వెంటబెట్టుకుని హడ్సన్ నది దగ్గర క్యాట్‌స్కిల్ కొండల్లోకి వెళ్తాడు, అక్కడ వింత మనుషుల మద్యం తాగి నిద్రపోతే మళ్లీ 20 ఏళ్లకు గానీ మెలకువ రాదు. ఊళ్లోకొచ్చి సత్రం ముందున్న బోర్డు చూస్తాడు. అది అప్పటిదాకా అమెరికాను ఏలిన బ్రిటన్ రాజు మూడో జార్జి బొమ్మ. ముఖం పాతదే, కానీ ఎర్రకోటు నీలం అయింది, చేతిలో రాజదండం పోయి కత్తి వచ్చింది, కింద 'జనరల్ వాషింగ్టన్' అని రాసి ఉంది. స్వాతంత్ర్య యుద్ధం మొత్తం ఇతని నిద్రలో గడిచిపోయింది! అసలు కథ జర్మన్ జానపదం నుంచి తెచ్చుకున్నదే, ఆ బోర్డు మాత్రం అచ్చంగా అమెరికాది. 1776లో పుట్టిన దేశానికి అప్పటికి యాభై ఏళ్లు కూడా లేవు, యూరప్ రచయితలకు ఉన్నట్టు శిథిలమైన కోటలూ మఠాలూ లేవు, ఉన్నవల్లా కొండలూ అడవులూ నదులే, కాబట్టి మాకూ ఒక గతం ఉందని చెప్పుకోవడానికి రచయితలు వాటి దగ్గరికే వెళ్లారు.

జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1826లో, మొహికన్లనే మూలవాసి తెగ మీద రాసిన 'ది లాస్ట్ ఆఫ్ ది మొహికన్స్' నవల కూడా అడవిదే. అందులో మూలవాసులు అస్తమించే సూర్యుడిలా అందంగా, విషాదంగా కనుమరుగవుతారు. నాలుగేళ్లకే, 1830లో, బతికున్న మూలవాసులను వాళ్ల నేల నుంచి పంపించేసే చట్టం వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ అందం నాకు మింగుడుపడదు. మీ జవాబులో ఈ మాట తప్పకుండా రాయండి.

ఇక మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊరు. అక్కడ ఉండే రచయిత, చర్చి ఉద్యోగం వదిలేసిన ఎమర్సన్ 1836లో 'నేచర్' రాశాడు: దేవుణ్ణి తెలుసుకోవడానికి మధ్యలో ఎవరూ అక్కర్లేదు, మనిషి నేరుగా ప్రకృతిలోకి వెళ్తే చాలని ఆయన నమ్మకం. దాన్ని ఆయన స్నేహితుడు థోరో చేసి చూశాడు. 1845 జూలై 4న వాల్డెన్ చెరువు పక్కన, ఎమర్సన్ స్థలంలోనే, పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న గుడిసెలో కాపురం పెట్టాడు. తర్వాత రాసిన 'వాల్డెన్' పుస్తకంలో ఆ గుడిసె ఖర్చు మొత్తం ఉంది: చెక్క పలకలు, పాత ఇటుకలు, మేకులు, ఆఖరికి ఒక్క సెంటు పెట్టి కొన్న సుద్ద కూడా. మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. మీరు అడిగిన భావకవిత్వంతో తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మన కృష్ణశాస్త్రి ఆకులో ఆకుగా మారి అడవిలో దాగిపోవాలనుకున్నాడు, థోరో అడవిలో కూర్చుని లెక్క రాశాడు, ఇంత తక్కువలో స్వేచ్ఛగా బతకొచ్చు చూడండని ఊరివాళ్లకు చూపించడానికి. మనకు దగ్గరి సంగతి ఒకటుంది. చలికాలంలో ఆ చెరువు గడ్డకడితే కూలీలు మంచుదిమ్మలు కోసేవాళ్లు. అది చూసి థోరో, ఆ మంచు ఓడల్లో ఇండియా దాకా చేరుతుందని ఊహించుకుని, మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం నా బావి నీళ్లే తాగుతున్నారు, నేనేమో పొద్దున్నే వాళ్ల భగవద్గీత చదువుతున్నాను అని మురిసిపోయాడు. మన కోస్తా జిల్లాలు అప్పట్లో ఆ మద్రాసు కిందే ఉండేవి.

అడవిని అందరూ ఇలా నమ్మలేదు, అసలు కిటుకు ఇదే. నవలాకారుడు హాథార్న్ పూర్వీకుల్లో ఒకాయన, 1692లో సేలం ఊళ్లో మంత్రగత్తెలన్న నెపంతో జనాన్ని ఉరితీసిన విచారణలో జడ్జి, ఆ పాపభారం హాథార్న్ రచనల నిండా ఉంటుంది. 1850లో వచ్చిన 'ది స్కార్లెట్ లెటర్'లో హెస్టర్ వ్యభిచారానికి శిక్షగా ఏడేళ్లుగా గుండెల మీద, ఆ నేరాన్ని సూచించే 'A' అనే ఎర్ర అక్షరం మోస్తోంది. అడవిలో, ఊరికి దూరంగా, బిడ్డ తండ్రి అయిన మతగురువును కలిసి, పారిపోదామని నిర్ణయించుకున్నాక ఆ అక్షరం ఊడదీసి విసిరేస్తుంది, టోపీ తీస్తే జుట్టు భుజాల మీద పడుతుంది, ఒక్కసారిగా చెట్ల మధ్య ఎండ కాస్తుంది. ఎమర్సన్ అయితే కథ అక్కడ ఆపేసేవాడేమో! హాథార్న్ ఆపలేదు. వాగు అవతల ఉన్న కూతురు పెర్ల్ ఇవతలికి రానంటుంది, తల్లి గుండె వైపు వేలు చూపించి కాలు నేలకేసి కొడుతుంది. హెస్టర్ ఆ అక్షరం తీసి మళ్లీ పెట్టుకుని, జుట్టు టోపీలోకి దోపుకున్నాకే పిల్ల వాగు దాటి వస్తుంది, ఇప్పుడు నువ్వు మా అమ్మవి అంటుంది.

అదే కాలపు రచయిత ఎడ్గార్ అలన్ పో కథలకు అడవి కూడా అక్కర్లేదు, మూసిన గదీ అందులో మనసూ చాలు, ఆయన్ని విడిగా చదువుకోండి. పరీక్షకు టైమ్ తక్కువ ఉంటే గైడ్ పక్కన పెట్టి హాథార్న్ నవలలో 18, 19 అధ్యాయాలు ఈ రాత్రే చదవండి. వాటి పక్కన థోరో లెక్కల పేజీ పెట్టుకోండి.