పేరుకు ఓపెన్ సోర్స్, నిర్ణయాలు మాత్రం తలుపు వెనక: అలాంటి ప్రాజెక్టులో కొనసాగాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక కంపెనీ నడిపే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు నాలుగు నెలల్లో మూడు పుల్ రిక్వెస్టులు (నా కోడ్ మార్పులను కలుపుకోమని అడిగే అభ్యర్థనలు) పంపాను. రెండింటికి ఇంతవరకూ జవాబు లేదు. మూడోదాన్ని ‘అంతర్గతంగా నిర్ణయించాం’ అని ఒక్క ముక్క రాసి మూసేశారు. బయటివాళ్లను నిజంగా కలుపుకుపోయే ప్రాజెక్టును ముందే గుర్తుపట్టడం ఎలా? పైగా అక్కడ నేను చేసిన తప్పులన్నీ ఎప్పటికీ అందరికీ కనిపిస్తూనే ఉంటాయి కదా, రేపు ఉద్యోగానికి అవి అడ్డమవుతాయా? - ఒక విద్యార్థిని

జవాబు: లైసెన్స్ ఓపెన్‌గా ఉండటం వేరు, ప్రాజెక్టు ఓపెన్‌గా నడవడం వేరు. మీ ఇబ్బందంతా ఈ రెండింటి మధ్య ఖాళీలో ఉంది. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ 1998లో ప్రకటించిన నిర్వచనంలో పది షరతులున్నాయి. కోడ్ అందరికీ అందాలి, మార్చుకోనివ్వాలి, పంచుకోనివ్వాలి, ఫలానావాళ్లు వాడకూడదని ఆంక్ష పెట్టకూడదు... అన్నీ ఈ తీరువే. నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి, ఎక్కడ తీసుకోవాలి అన్న ఊసే అందులో లేదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. కోడ్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు. కానీ బయటివాళ్ల ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) సాధారణంగా తీసుకోరు, ఆ మాట వాళ్లే బాహాటంగా చెబుతారు. ఇందులో మోసమేమీ లేదు. మీకు తగిలింది వేరే రకం: గుమ్మానికి ‘స్వాగతం’ బోర్డు తగిలించి లోపల గడియ పెట్టుకున్న ఇల్లు. దాన్ని పట్టుకోవడానికి నాలుగు నెలలు అక్కర్లేదు, ఓ గంట చాలు.

మొదట రిపోజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) లైసెన్స్ పక్కనే ఉండే ఫైళ్లు చూడండి. కంట్రిబ్యూటింగ్ ఫైలు దాదాపు అందరూ పెడతారు, దాన్నిబట్టి ఏమీ తేలదు. గవర్నెన్స్ (పాలన) లేదా మెయింటెయినర్స్ (ప్రాజెక్టు బాధ్యత చూసేవాళ్లు) ఫైలే అసలు గుట్టు విప్పుతుంది. మెర్జ్ చేసే, అంటే మార్పును అసలు కోడ్‌లో కలిపే హక్కు ఎవరెవరికి ఉంది? కొత్తవాళ్లకు ఆ హక్కు ఎలా వస్తుంది? ఇద్దరికి పడకపోతే చివరి మాట ఎవరిది? ఈ మూడింటికీ రాతలో జవాబు దొరకని ప్రాజెక్టులో ఆ జవాబులు ఎవరో ఒకరి బుర్రలో ఉన్నాయని అర్థం. ఒక్కరే నడుపుకునే చిన్న ప్రాజెక్టయితే అది తప్పు కాదు. కంపెనీ నడిపే పెద్ద ప్రాజెక్టయితే మాత్రం అనుమానించాల్సిందే.

తర్వాత మూసేసిన పుల్ రిక్వెస్టుల్లోకి వెళ్లండి. మెర్జ్ కాకుండా మూసేసినవాటిని విడిగా చూపే ఫిల్టర్ ఉంటుంది. బయటివాళ్లు పంపినవి ఓ ఇరవై తీసి చదవండి. మెర్జ్ అయినవాటి కంటే ఇవే ఎక్కువ చెబుతాయి. ఎవరికైనా మంచి ప్యాచ్‌ను ఒప్పుకోవడం తేలికే. వద్దన్నప్పుడు కారణం చెప్పారా లేదా అన్నదే పరీక్ష. ‘ఈ మార్పుతో పాత కాన్ఫిగరేషన్ ఫైళ్లు చదవలేం, వచ్చే మేజర్ వెర్షన్‌లో చూద్దాం’ అని రాస్తే అది ఆరోగ్యకరమైన తిరస్కరణ. మొదటి జవాబు ఎన్నాళ్లకు వచ్చిందో లెక్కించేటప్పుడు బాట్‌ల జవాబులు తీసేయండి. కదలిక లేని రిక్వెస్టులను మూసే బాట్ ఒకటి చాలాచోట్ల నడుస్తుంది. దాని సెట్టింగ్ మార్చకపోతే 60 రోజులు చూసి గుర్తు వేస్తుంది, మరో 7 రోజులకు మూసేస్తుంది. వరసగా బాట్ మూసినవే కనిపిస్తే అక్కడ మనుషులు చదవడం మానేశారని లెక్క.

మూడోది, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ సాఫ్ట్‌వేర్‌లోని షార్ట్‌లాగ్ కమాండ్. గత ఏడాదికి పరిమితం చేసి, ఈమెయిల్ చిరునామాలతో సహా, కమిట్‌ల (నమోదైన మార్పుల) సంఖ్య ప్రకారం వరసలో చూపమనండి. పైనున్న పది మందిలో తొమ్మిది మంది ఈమెయిళ్లు ఒకే కంపెనీవైతే పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసిపోయినట్టే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఉద్యోగులు సొంత ఈమెయిల్‌తోనూ కమిట్ చేస్తారు, లైబ్రరీల వెర్షన్లు పెంచే బాట్‌లు పైవరసలో కూర్చుంటాయి. కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోండి, తీర్పుగా కాదు.

చివరగా, ఈ మధ్య విడుదలలో ఉన్న ఒక పెద్ద మార్పును ఎంచుకుని వెనక్కి తవ్వండి. దాని గురించి చర్చ ఎక్కడ మొదలైంది, ఎవరు కాదన్నారు, ఎందుకు ఒప్పుకున్నారు? రెండు వేల లైన్ల పుల్ రిక్వెస్ట్ పొద్దున తెరిచి, ఒక్క ‘అప్రూవ్డ్’తో మధ్యాహ్నానికల్లా మెర్జ్ అయిందంటే అసలు చర్చ మీకు కనిపించని గదిలో జరిగిపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఎలా ఉంటుందో అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో చూడొచ్చు. మెయిలింగ్ లిస్టులోకి రాని నిర్ణయం అసలు జరగనట్టే అన్నది అక్కడి నానుడి. ఇద్దరు మెయింటెయినర్లు పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకున్నా సారాంశం లిస్టుకు రావాలి. ఓటింగ్ సాధారణంగా కనీసం 72 గంటలు తెరిచి ఉంచుతారు. భూమికి అటువైపు ఉన్నవాళ్లకూ, వారాంతంలో కంప్యూటర్ ముట్టనివాళ్లకూ అవకాశం ఉండాలి కదా. విడుదలకు ప్రాజెక్టు కమిటీ సభ్యుల నుంచి కనీసం మూడు +1 ఓట్లు కావాలి. కోడ్ మార్పును -1తో అడ్డుకోవచ్చు, కానీ సాంకేతిక కారణం చూపకపోతే ఆ ఓటు చెల్లదు. పైథాన్‌లో పెద్ద మార్పులన్నీ పెప్ అనే ప్రతిపాదన పత్రాల ద్వారా వస్తాయి. తిరస్కరించినవాటిని కూడా దాచిపెట్టకుండా ఉంచుతారు. 2018లో := అనే కొత్త గుర్తును ప్రతిపాదించిన పెప్ 572 మీద వాదన ముదిరి, దాన్ని ఆమోదించిన కొన్నాళ్లకే భాష సృష్టికర్త గిడో వాన్ రోసమ్ నాయకత్వం నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత ఏ పాలన పద్ధతి కావాలో కూడా పెప్‌లు రాసుకుని, ఓటేసి, ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్‌ను ఎన్నుకున్నారు. మొదటి కౌన్సిల్ 2019లో వచ్చింది. పారదర్శకంగా ఉన్నచోట గొడవలు ఉండవనుకోకండి. అక్కడ గొడవ కూడా మీ కళ్ల ముందే జరుగుతుంది. నేర్చుకునేవాళ్లకు అంతకు మించిన పాఠశాల దొరకదు.

అన్నీ బహిరంగంగానే జరగాలా అంటే, కాదు. భద్రతా లోపాలు, ప్రవర్తన మీద ఫిర్యాదులు, ఫలానా వ్యక్తికి కమిట్ హక్కు ఇవ్వాలా వద్దా అన్న చర్చలు లోపలే ఉండాలి. మీ ఈడువాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే: భద్రతా లోపం కనిపించగానే ఉత్సాహంగా పబ్లిక్ ఇష్యూ (అందరికీ కనిపించే సమస్య నివేదిక) తెరిచేస్తారు. ముందు సెక్యూరిటీ ఫైలు చదివి, అందులో చెప్పిన దారిలో గోప్యంగా పంపండి. అయితే రహస్యానికి గడువుండాలి. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు ఉమ్మడిగా వాడే భద్రతా లిస్టులో లోపాన్ని గరిష్ఠంగా 14 రోజులే దాచి ఉంచనిస్తారు, ఆపైన బయటపెట్టాల్సిందే. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ 1997 నాటి సామాజిక ఒప్పందంలోనే ‘సమస్యలను దాచం’ అని రాసుకుంది, బగ్ డేటాబేస్ మొత్తం తెరిచే ఉంచుతుంది.

కోడ్ కళ్లముందు ఉంటే చాలదని 2024లో ఎక్స్‌జడ్ ఉదంతం అందరికీ తెలిసేలా చేసింది. భద్రత వైపు ఆసక్తి ఉంటే దీన్ని లోతుగా చదవండి. లినక్స్ సిస్టమ్‌లలో దాదాపు అంతటా ఉండే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ అది. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి మెయింటెయినర్ హోదా సంపాదించిన ఒక ఖాతా, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది. అసలు సరుకు టెస్ట్ ఫైళ్ల ముసుగులో రిపోజిటరీలోనే ఉంది. దాన్ని తట్టిలేపే స్క్రిప్ట్ ముక్క మాత్రం గిట్‌లో లేదు, విడుదల కోసం చేత్తో అప్‌లోడ్ చేసిన టార్‌బాల్‌లో (ఫైళ్లన్నీ కట్టగట్టిన ఆర్కైవ్) ఉంది. అది బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే) సమయంలో మామూలుగా వచ్చి చేరే ఎమ్4 అనే స్క్రిప్ట్ ఫైలు పేరుతోనే ఉంది, రిపోజిటరీ చదివినవాళ్లకు కనిపించే వీలే లేకపోయింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఆరా తీసి, మార్చి 29న బహిరంగంగా ప్రకటించారు.

మీరు ఈ వారమే చేయదగ్గ సాధన ఇందులో ఒకటుంది. ఆటోటూల్స్ అనే బిల్డ్ సాధనాలు వాడే ఏదైనా చిన్న సి ప్రాజెక్టు తీసుకోండి. విడుదల పేజీలో సాధారణంగా రెండు ఆర్కైవ్‌లుంటాయి: ట్యాగ్ నుంచి సైట్ దానంతటదే తయారుచేసేది ఒకటి, మెయింటెయినర్ అప్‌లోడ్ చేసేది ఇంకొకటి. రెండూ విప్పి, ఫోల్డర్ల మధ్య తేడాలన్నీ చూపే రికర్సివ్ డిఫ్ నడపండి. తేడాలు తప్పక వస్తాయి, కంగారు పడకండి. కాన్ఫిగర్ స్క్రిప్ట్, మేక్‌ఫైల్ మూసలు లాంటివి తయారుచేసిన ఫైళ్లు కాబట్టి టార్‌బాల్‌లోనే ఉంటాయి. మిగిలినవాటిలో ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పలేనిది ఏదైనా ఉంటే, ఆరోపణలా కాకుండా సందేహంలా ఇష్యూ తెరిచి అడగండి. ఎవరు బిల్డ్ చేసినా బిట్ తేడా లేకుండా అదే ఫలితం రావాలన్న రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ కృషిలో కొత్తవాళ్లు చేయగల పని చాలా ఉంది, పోటీ తక్కువ.

ఇక జవాబు రాని మీ రెండు పుల్ రిక్వెస్టులు. ‘ఏమైంది?’, ‘దయచేసి చూడండి’ అని రాస్తే మెయింటెయినర్ దగ్గర ఇంకో పని పెరిగిందే తప్ప నిర్ణయం తేలిక కాదు. అవతలివాళ్లు ఒక్క వాక్యంలో జవాబివ్వగలిగేలా అడగాలి. ఉదాహరణకు: ‘ఇది 412వ ఇష్యూలోని టైమౌట్ సమస్యను సరిచేస్తుంది. ఇవాళ మెయిన్ బ్రాంచ్ మీదకు రీబేస్ చేశాను, టెస్టులన్నీ పాసయ్యాయి. డిఫాల్ట్ విలువను మార్చడమా, కొత్త ఆప్షన్ చేర్చడమా అన్నదొక్కటే తేలాలి. నాకు ఆప్షనే మేలనిపిస్తోంది, పాతవాళ్లకు ఏమీ మారదు. ఈ దిశే వద్దనుకుంటే చెప్పండి, నేనే మూసేస్తాను.’ ఇది పంపి రెండు వారాలు ఆగండి. ఎవరికీ వ్యక్తిగత మెసేజ్‌లు పెట్టకండి. అక్కడ జవాబు వచ్చినా మీకు తప్ప ఎవరికీ కనిపించదు, రేపు మీ పనికి సాక్ష్యంగానూ పనికిరాదు. ఒకవేళ చాట్‌లోనో కాల్‌లోనో ఏదైనా తేలితే, ‘ఇలా అనుకున్నాం’ అని మూడు లైన్లు పుల్ రిక్వెస్టులోనే రాయండి. ఈ అలవాటున్నవాళ్లను మెయింటెయినర్లు త్వరగానే గుర్తిస్తారు. రెండు వారాల తర్వాతా ఉలుకూ పలుకూ లేకపోతే కదలండి. నాలుగు నెలలు పెట్టాను కదా అని ఇంకో నాలుగు పెట్టకండి.

కొత్త ప్రాజెక్టులో చేరేముందు, కోడ్ ఇవ్వడానికి ఏం సంతకం అడుగుతున్నారో చూసుకోండి. లినక్స్ కెర్నెల్ 2004 నుంచి డీసీఓ (డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్) వాడుతోంది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని కమిట్ చివర ఒక లైనుతో చెప్పడమే అది. సీఎల్ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అనే ఒప్పందం అలా కాదు. అలాంటి ఒప్పందాల్లో చాలావాటి ప్రకారం రేపు కంపెనీ మీ కోడ్‌ను వేరే లైసెన్స్ కింద కూడా విడుదల చేయొచ్చు. కంపెనీలు నడిపే సాఫ్ట్‌వేర్లలో ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, టెర్రాఫామ్ 2023లో, రెడిస్ 2024లో లైసెన్స్ మార్చాయి. వెంటనే ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఫోర్క్‌లు (పాత కోడ్‌తో విడిగా నడిచే ప్రాజెక్టులు) పుట్టాయి. సీఎల్ఏ ఉందని పారిపోనక్కర్లేదు, ఫౌండేషన్లు కూడా వాడతాయి. ఎవరి పేరిట ఉందో చదివి సంతకం పెట్టండి.

ఇప్పుడు మీ రెండో భయం. రిక్రూటర్లు మీ పాత బగ్‌లు తవ్వుకుంటూ కూర్చోరు. ఇంటర్వ్యూ చేసే ఇంజినీర్ మాత్రం మీరిచ్చిన లింకు తెరిచి, రివ్యూలో తప్పు చూపినప్పుడు మీరేం రాశారో చదువుతారు. ‘నిజమే, ఖాళీ లిస్ట్ వస్తే ఇది క్రాష్ అవుతుంది. టెస్ట్ చేర్చి సరిచేశాను’ అన్న వ్యాఖ్య, తప్పే లేని ప్యాచ్ కంటే బలమైన సాక్ష్యం. దెబ్బతీసేవి వేరే ఉన్నాయి: రివ్యూయర్‌తో వాగ్వాదం, తాను నడిపి చూడకుండా ఏఐ రాసిచ్చిన బగ్ రిపోర్టు, లెక్క పెంచుకోవడానికి రీడ్‌మీలో ఒక పదం మార్చి పంపే పుల్ రిక్వెస్టులు. ఓపెన్ సోర్స్‌కు పుల్ రిక్వెస్టులు పంపమని ఏటా అక్టోబరులో జరిగే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో ఆ చివరి రకం వరదలా వచ్చిపడితే, ప్రాజెక్టులు తమంతట తాము ఒప్పుకుంటేనే లెక్కించేలా నిర్వాహకులు నియమం మార్చాల్సి వచ్చింది.

మీ బ్రాంచ్‌లో ఉన్నంతవరకు కమిట్‌లను రీబేస్ చేసి సర్దుకోవచ్చు. మెయిలింగ్ లిస్టుకు పంపింది మాత్రం ఆర్కైవ్‌లో ఉండిపోతుంది. కోపంలో రాసింది మర్నాడు పంపండి. కమిట్‌లో ఈమెయిల్ చిరునామా కూడా శాశ్వతమే కాబట్టి, మొదటి కమిట్‌కు ముందే దాని కోసం వేరే చిరునామా పెట్టుకోండి.

వారానికి ఐదారు గంటలు పెట్టగలిగితే చాలు. మొదటి రెండు వారాలు చదవడానికే వాడండి. ఆ తర్వాత ఎవరో పెట్టిన బగ్‌లను మీ మెషీన్ మీద మళ్లీ తెప్పించి, ఏ వెర్షన్‌లో వస్తోంది, ఏ స్టెప్ దగ్గర వస్తోంది అన్నది ఇష్యూలో రాయండి. కోడ్ రాయడం కంటే ఇది తక్కువ పని అనుకుంటారు, కానీ మెయింటెయినర్లకు అన్నిటికంటే కొరతగా ఉన్నది ఇదే. పైథాన్ సహా కొన్ని ప్రాజెక్టుల్లో మెర్జ్ హక్కు కంటే ముందు ట్రయాజ్ హక్కు (వచ్చిన బగ్‌లను చూసి వర్గీకరించే హక్కు) ఇస్తారు. ఆరు నెలలకు రెజ్యూమెలో మూడు లింకులుంటే సరిపోతుంది: చర్చ జరిగి మెర్జ్ అయిన ఒక పుల్ రిక్వెస్ట్, మీరు మూలం పట్టుకున్న ఒక బగ్, వేరేవాళ్ల కోడ్‌కు మీరు చేసిన ఒక రివ్యూ. ప్రొఫైల్‌లో రోజువారీ పని చూపే ఆకుపచ్చ గళ్లు ఎన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టరు.

పాత ప్రాజెక్టు నుంచి వచ్చేసేటప్పుడు ఆ రెండు రిక్వెస్టులను అలా గాలికి వదలకండి. ‘సమయం కుదరక మూసేస్తున్నాను, ప్యాచ్ ఫలానా బ్రాంచ్‌లో ఉంది, ఎవరైనా తీసుకుని కొనసాగించవచ్చు’ అని రాసి మీరే మూసేయండి.