గోడలు లేని మండపం

ప్రశ్న: మొన్న ఆదివారం పిల్లలతో కబ్బన్ పార్కుకు వెళ్లాం. అక్కడి బ్యాండ్‌స్టాండ్ (బ్యాండు వాయించే గోడల్లేని మండపం) చూసి మా పెద్దాడు, "లేపాక్షి స్తంభాల నిండా బొమ్మలున్నాయి. ఈ ఇనుప స్తంభాల్లో ఏముందని హెరిటేజ్ అంటారు?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. మీరు చెప్తారా?
— ఒక పాఠకురాలు, విజయనగర, బెంగళూరు

జవాబు: అమ్మా, మాది హిందూపురం వైపే. లేపాక్షి చూస్తూ పెరిగాను. ఈ ఊరొచ్చాక ముప్ఫై ఏళ్లు పోత ఇనుము కార్ఖానాలో చెక్క ప్యాటర్న్‌లు, అంటే పోతకు నమూనాలు చేశాను. కాబట్టి మీవాడికి రెండింటి గురించీ చెప్పగలను.

లేపాక్షిలో రాయి చెక్కారు. పోత పనిలో ముందు చెక్కను చెక్కాలి. దాని చుట్టూ తడి ఇసుక దిమ్మిస చేసి, చెక్కను మెల్లగా పైకి తీసి, ఆ గుంతలోకి కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. అందుకే అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు పెంచి చెక్క కోస్తాం. ఆ లెక్క తప్పితే స్తంభానికీ పై దూలానికీ బోల్టు కుదరదు. కంటికి కనబడని ఈ లెక్క కూడా శిల్పమే అని నా నమ్మకం.

ఇక గోడలు లేకపోవడం. ఈ పార్కు 1870లో, రిచర్డ్ శాంకీ మైసూరు రాజ్యానికి చీఫ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు తయారైంది. బ్యాండ్‌స్టాండ్ 1900 దాటాక వచ్చింది. శనివారం సాయంత్రాలు బ్రిటిష్ బ్యాండు వాయించేది. అప్పట్లో మైకులు లేవు. వాద్యగాళ్లను ఎత్తైన అరుగు మీద నిలబెట్టి, పైన కప్పు వేస్తే, పైకి పోయే శబ్దం కప్పుకు తగిలి చుట్టూ ఉన్న జనం మీదికి దిగుతుంది. ఎనిమిది వైపులా తెరిచి ఉండటంతో ఎటు కూర్చున్నా వినిపిస్తుంది, కనిపిస్తుంది. రాతి దూలం వంపుకు ఆగదు కాబట్టి గుడి మండపంలో స్తంభాలు దగ్గర దగ్గరగా, లావుగా ఉంటాయి. ఇక్కడ సన్నటి ఇనుప స్తంభాలే కప్పును మోస్తున్నాయి. అంటే ఈ మండపమే ఒక వాద్యం అనుకోండి.

నాకు టెన్షన్ అంతా రిపేర్ల దగ్గరే. పోత ఇనుము ఎంత బరువైనా మోస్తుంది గానీ, దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. మా వీధిలో ఒక పాత బంగళా గేటు స్తంభం పగిలితే, మామూలు రాడ్డుతో వెల్డింగ్ చేయించారు. వారం తిరగకముందే అతుకు పక్కన ఇంకో పగులు వచ్చింది. రంగు కూడా అంతే. పాతదాన్ని గీకకుండా పూత మీద పూత వేస్తారు. ఆ గేటు మీదే చిన్న ఉలితో నిదానంగా గీకాను. ఏడు పొరల కింద ద్రాక్ష ఆకు బయటపడింది, ఈనెలతో సహా! అన్నేళ్లూ అందరూ దాన్ని ఉత్త ఇనుప ముద్ద అనుకున్నారు. ఎవరో నాలాంటివాడు వేలు నొప్పి పుట్టేలా చెక్కిన ఆకు అది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈసారి వెళ్లినప్పుడు మీ పెద్దాణ్ణి స్తంభం చుట్టూ వేలితో తడిమి చూడమనండి. సన్నటి గీత తగిలితే, అది ఇసుక అచ్చు రెండు సగాలు కలిసిన చోటు. పైకి వెళ్లనిస్తే వాణ్ణి అరుగు మధ్యలో నిలబెట్టి ఏదైనా పాడమనండి. మీరు దూరంగా గడ్డిలో కూర్చుని వినండి.