అలాస్కా క్రూజ్: రేవుల్లో సొంతంగా తిరగాలంటే

సందేహం: మేమిద్దరం హెచ్1బీ మీద డాలస్ వచ్చి ఏడాదైంది. జూన్‌లో అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వస్తున్నారు. నలుగురికీ కలిపి సియాటిల్ నుంచి వారం రోజుల అలాస్కా క్రూజ్ బుక్ చేశాం. జూనో, స్కాగ్‌వే, కెచికాన్, విక్టోరియాల్లో ఆగుతుంది. ప్రతి రేవులో ఓడ కంపెనీ చూపిస్తున్న టూర్ల ధరలు నలుగురికి లెక్కేస్తే గుండె గుభేలుమంటోంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు కూడా. మా అంతట మేం తిరగగలమా?

జవాబు: తిరగగలరు తమ్ముడూ, హాయిగా తిరగగలరు. కాకపోతే ఒక్కో రేవులో ఓడ దగ్గరికి ఎలా తిరిగి రావాలో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఏం చూడాలో అనుకోండి.

మాది సియాటిల్ పక్కనే. ప్రస్తుతం రామంతపూర్‌లో అమ్మ దగ్గర ఉండి ఇది రాస్తున్నాను. ఈ కాలనీలో పిల్లలు అమెరికాలో లేని ఇల్లు తక్కువ, అలాస్కా చూసొచ్చిన పెద్దవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. ఎలా ఉందని అడిగితే మంచుకొండల గురించి రెండు మాటలు చెప్పి, బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారో, బాత్రూమ్ కోసం ఎంత ఇబ్బంది పడ్డారో మాత్రం వివరంగా చెబుతున్నారు. మీ ప్లానంతా ఆ రెండింటి చుట్టూ వేసుకోండి.

టూర్ల కంటే ముందు కాగితాలు. సియాటిల్‌లో బయల్దేరి సియాటిల్‌కే వచ్చే అలాస్కా ఓడలు మధ్యలో కెనడాలో ఆగేది ఊరికే కాదు. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పడానికి వీల్లేదని 1886 నాటి చట్టం ఉంది. అందుకే మీ జాబితాలో విక్టోరియా ఉంది. భారత పాస్‌పోర్టుతో వెళ్ళే మీ నలుగురికీ కెనడా విజిటర్ వీసా కావాలి. "అక్కడ దిగం, గదిలోనే కూర్చుంటాం" అంటే కుదరదు, సియాటిల్‌లో ఓడ ఎక్కేముందే ఆపేస్తారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు మాత్రం 2022 ఏప్రిల్ నుంచి ఈ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ కార్డూ చేతిలో ఉంటే చాలు. అమ్మానాన్న హైదరాబాద్‌లో ఉండగానే దరఖాస్తు పెట్టి వేలిముద్రలు ఇప్పించేయండి. స్టాంపింగ్ కోసం పాస్‌పోర్టులు పంపాల్సి ఉంటుంది కాబట్టి, విమానం టికెట్ తేదీ దగ్గర పడ్డాక మొదలుపెడితే రెండు ఇళ్ళలోనూ టెన్షన్. విక్టోరియా నుంచి సియాటిల్ రావడమంటే మళ్ళీ అమెరికాలో అడుగుపెట్టడమే. వాళ్ళ వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా, మీ హెచ్1బీ స్టాంపుకి గడువు ఉందా అన్నది ఈ రోజే తీసి చూడండి. గడువు అయిపోయి ఉంటే ఆఫీసు లాయర్‌ని అడగకుండా అడుగు ముందుకు వేయొద్దు.

ఇక టైము సంగతి. ఓడ కంపెనీ టూరులో వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదంటే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్ళది. మనంతట మనం వెళ్ళి ఆలస్యమైతే ఎవరికోసమూ ఆగదు. ఇంకో ఊళ్ళో అయితే టాక్సీ మాట్లాడుకుని ఓడను అందుకోవచ్చేమో గానీ ఇక్కడ ఆ దారి లేదు. జూనో అలాస్కా రాజధానే అయినా బయటి ఊళ్ళ నుంచి అక్కడికి రోడ్డు లేదు. కెచికాన్ ఉన్నది ఒక దీవి మీద, దాని విమానాశ్రయం పక్కనున్న ఇంకో దీవి మీద. స్కాగ్‌వేకి రోడ్డు ఉంది, అది నేరుగా కెనడాలోకి పోతుంది. అందుకే ఓడ బయల్దేరడానికి కాదు, అందరూ ఎక్కేయాల్సిన టైముకు గంటన్నర ముందే రేవులో ఉండేట్టు వెనక నుంచి లెక్క వేసుకోండి. అలాస్కా గడియారం సియాటిల్ కంటే గంట వెనక. టవర్ తగలగానే ఫోను తనంతట తనే టైము మార్చేస్తుంది, ఓడ మాత్రం తన లెక్కనే నడుస్తుంది. నాన్నగారి చేతి గడియారం ఓడ టైముకు పెట్టేయండి, రోజంతా దాన్నే నమ్మండి. గదిలోకి ఇచ్చే రోజువారీ కాగితంలో ఆ రేవు ఏజెంటు (ఓడ కంపెనీ తరఫున ఆ ఊళ్ళో ఉండే మనిషి) ఫోన్ నంబరు ఉంటుంది, దిగేముందు దాన్ని ఫొటో తీసుకోండి.

జూనోలో సొంతంగా తిరిగితేనే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. మెండెన్‌హాల్ గ్లేసియర్ (హిమానీనదం) రేవుకి సుమారు 20 కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలి వెళ్ళినంత. సిటీ బస్సు చవకే గానీ గ్లేసియర్ దాకా పోదు, దిగాక ఇంకో రెండు కిలోమీటర్ల పైన నడవాలి. అమ్మ మోకాళ్ళకు అది వద్దు. రేవు నుంచి నేరుగా వెళ్ళే ప్రైవేటు షటిల్ టికెట్లు ముందే కొనేసుకోండి. అటవీ శాఖవాళ్ళు ఇన్ని బండ్లకే అనుమతి అని పరిమితి పెడతారు కాబట్టి, ఆ రోజు పొద్దున చూసుకుందామంటే దొరక్కపోవచ్చు. అక్కడ గ్లేసియర్‌కి ఎదురుగా విజిటర్ సెంటర్ ఉంది. 1962లో కట్టినప్పుడు అమెరికా అటవీ శాఖకు అదే మొట్టమొదటి విజిటర్ సెంటర్. లోపల వెచ్చగా కూర్చుని పెద్ద అద్దాల్లోంచి చూడొచ్చు, అమ్మకు అది చాలు. మీరు నగ్గెట్ ఫాల్స్ దాకా వెళ్ళిరండి. రానూపోనూ సుమారు 3 కిలోమీటర్లు, దాదాపు చదునుగా ఉంటుంది. ఇందిరా పార్కులో రోజూ నడిచే నాన్నగారైతే మీతో వచ్చేస్తారు. దగ్గరికి వెళ్ళేకొద్దీ జలపాతం హోరులో పక్కవాళ్ళ మాట వినబడదు, తుంపర మొహాన కొడుతుంది, నీళ్ళకు అవతల నీలి మంచుగోడ. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి దారిలో తినే పొట్లాలేవీ తీయొద్దు. తిరుగు షటిల్ దగ్గరే అసలు క్యూ, సాయంత్రం అన్ని ఓడలవాళ్ళూ ఒకేసారి వచ్చి నిలబడతారు. మీరు ఎక్కాలనుకున్న షటిల్‌కి ముందు షటిల్‌కే బయల్దేరండి.

జూనోలోనే తిమింగలాలు కూడా. శీతాకాలంలో హవాయి వైపు ఉండే హంప్‌బ్యాక్‌లు వేసవిలో మేతకు ఇక్కడికి వస్తాయి. పడవలు ఆక్ బే నుంచి బయల్దేరతాయి, చిన్న కంపెనీలవాళ్ళు రేవుకొచ్చి ఎక్కించుకుని వెళ్తారు. బుక్ చేసేముందు మూడు సంగతులు అడగండి: పడవలో టాయిలెట్ ఉందా, మా ఓడ ఏ టైముకు కదులుతుందో మీకు తెలుసా, మా ఓడ జూనోలో ఆగకుండా వెళ్ళిపోతే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారా. మూడింటికీ సూటిగా సమాధానం రాకపోతే ఆ కంపెనీని వదిలేయండి. గ్లేసియర్, తిమింగలాలు రెండూ ఒకే రోజు విడివిడిగా పెట్టుకుంటే ఉరుకులు పరుగులే. రెండూ కలిపి తిప్పే టూరు దొరికితే తీసుకోండి, లేదా ఒక్కటే చూడండి.

స్కాగ్‌వేలో నా సలహా రైలు. వైట్ పాస్ రైలు మార్గాన్ని బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేశారు. సముద్రమట్టం నుంచి 32 కిలోమీటర్లలో 2,865 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. పెద్దవాళ్ళు కూర్చున్న చోటు నుంచి లేవకుండా లోయలు, సొరంగాలు అన్నీ చూస్తారు. టికెట్లు రైలు కంపెనీ దగ్గరే నేరుగా కొనుక్కోవచ్చు, ముందుగా ఓడవాళ్ళ ధరతో పోల్చి చూడండి. తేడా కొద్దిగానే ఉంటే ఈ ఒక్క రేవులో ఓడవాళ్ళ దగ్గరే కొనమంటాను. కొండ మీద ఒకే పట్టాల దారి, అక్కడ ఏదైనా ఆగిపోతే మన చేతుల్లో ఏమీ ఉండదు. కారు అద్దెకు తీసుకుని కెనడాలోని యూకాన్‌లోకి వెళ్దామని మీకు అనిపించొచ్చు, దారి నిజంగానే అద్భుతంగా ఉంటుంది. కానీ సరిహద్దు దాటాలి, పాస్‌పోర్టులు, వీసా అన్నీ చూపించాలి, పైగా వేసవిలో యూకాన్ గడియారం అలాస్కా కంటే గంట ముందుంటుంది. మొదటిసారి, పెద్దవాళ్ళతో, నేనైతే వద్దంటాను.

కెచికాన్‌కి టూరే అక్కర్లేదు, ఓడ ఊరి మధ్యలో ఆగితే. కొన్ని ఓడలు ఊరికి దూరంగా వార్డ్ కోవ్‌లో ఆగుతాయి, అక్కడి నుంచి షటిల్‌లో రావాలి. మీది ఏ రేవో ఇప్పుడే కనుక్కోండి. వాగు మీద కర్ర స్తంభాలపై కట్టిన క్రీక్ స్ట్రీట్, అక్కడి ఆదివాసులు చెక్కిన పాత టోటెమ్ స్తంభాలు దాచిన హెరిటేజ్ సెంటర్ నడిచే చూసెయ్యొచ్చు. సాల్మన్ చేపలు ఎదురెక్కేది ఎక్కువగా జులై నుంచి కాబట్టి జూన్‌లో వాటి మీద ఆశ పెట్టుకోకండి.

కెచికాన్‌లో వాన తప్పదనుకునే దిగండి. హైదరాబాద్‌లో ఏడాదంతా పడే వానకు నాలుగు రెట్ల పైన అక్కడ పడుతుంది. జూన్‌లో పగటి చలి 10 నుంచి 16 డిగ్రీల మధ్య, అది మన డిసెంబరు తెల్లవారుజాముల్లో పెద్దవాళ్ళు ఎరిగిన చలే. ఇబ్బంది పెట్టేది తడి, గాలి. గొడుగు ఆ గాలికి నిలవదు, టోపీ ఉన్న వాన జాకెట్ కావాలి. మా పక్కింటి పిన్ని కాటన్ చీర మీద ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుని దిగిందట. కుచ్చిళ్ళు తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంటే, ఒక చేత్తో చీర, ఇంకో చేత్తో బాబాయి భుజం పట్టుకుని నడిచానని చెప్పింది. అమ్మను సల్వార్‌కో ట్రాక్ ప్యాంటుకో ఒప్పించండి, తడిస్తే మార్చుకోవడానికి సంచిలో రెండు జతల సాక్సులు పెట్టండి. వీధుల పక్కన స్వెటర్లు అమ్మేవాళ్ళు ఏప్రిల్‌కల్లా హైదరాబాద్‌లో కనిపించరు. వాన జాకెట్లు మీరే డాలస్‌లో కొని ఉంచండి, ఉన్న స్వెటర్లు వాళ్ళను తెచ్చుకోమనండి.

తిండి గురించి బెంగ వద్దు. శాకాహారమని ఓడ కంపెనీకి నెల ముందే రాసి పెట్టండి. ఇంటి పులిహోర ఓడలోకి రానివ్వరు, సీలు తీయని ప్యాకెట్లు సాధారణంగా పర్వాలేదు. ఎలక్ట్రిక్ కెటిల్ పట్టుకెళ్ళొద్దు, తీసేసుకుంటారు. రేవులో దిగే రోజు నాన్నగారి మందులు గదిలో వదలకుండా చేతి సంచిలోనే ఉండాలి. వాళ్ళకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు ఓడలోనూ కెనడాలోనూ పనిచేస్తుందో లేదో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. నడిసముద్రంలో ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి, ఓడ టవర్ పట్టుకుంటే బిల్లు మామూలుగా రాదు.

విక్టోరియాకి ఓడలు చాలావరకు సాయంత్రం వచ్చి అర్ధరాత్రి లోపు వెళ్ళిపోతాయి. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు, బుచార్ట్ గార్డెన్స్‌కి పరుగెత్తాలని చూడకండి. ఓగ్డెన్ పాయింట్ రేవు నుంచి ఇన్నర్ హార్బర్ అరగంట నడక, అమ్మ కోసం షటిలో టాక్సీయో మాట్లాడండి. చీకటి పడ్డాక అక్కడి శాసనసభ భవనం అంచులన్నీ దీపాలతో వెలుగుతాయి, ఎదురుగా బెంచీల మీద కూర్చుని చూడొచ్చు. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటితే గానీ పొద్దు పోదు కాబట్టి భోజనం ఓడలోనే ముగించుకుని దిగండి.